భావాల కార్డుల పెట్టె: బొమ్మలకు మూడు మార్కులు, తెలుగుకు సున్నా

ముందే చెప్పేస్తున్నాను, ఈ రివ్యూ మా అమ్మాయి చదివి సరే అన్నాకే పెడుతున్నాను. ఎందుకో మధ్యలో మీకే తెలుస్తుంది. తనకి పద్నాలుగేళ్ళు, తొమ్మిదో తరగతి. మాది నరసాపురం. నేను లేసు పని చేయిస్తాను. అంటే చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళకి దారం ఇచ్చి అల్లించి, ముక్కలు లెక్కపెట్టుకుని ఏజెంటుకి అప్పజెప్పడం. మా ఆయనకి మొగల్తూరు దారిలో రెండెకరాల రొయ్యల చెరువు ఉంది. మా ఇంట్లో మనిషి మొహం చూసే తీరిక ఎవరికీ లేదని చెప్పడానికే ఇదంతా.

కొన్నది టీనేజి పిల్లలకని అమ్మే భావాల కార్డులు. ఆన్‌లైన్‌లో 649 రూపాయలు. కంపెనీ పేరు రాయను. ఇలాంటివి నాలుగైదు రకాలు కనిపించాయి, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. పెట్టెలో 60 కార్డులు. అందులో 48 భావాలు, 12 ప్రశ్నలు. వాటితో పాటు మనిషి ఆకారం గీసిన అట్ట ఒకటి, ఒకటి నుంచి పది దాకా అంకెలున్న స్కేలు, దాని మీద జరుపుకునే చిన్న ఎర్ర బిళ్ళ, 24 పేజీల పుస్తకం. ‘ఇంగ్లీషు - తెలుగు’ అని రాసి ఉంది కాబట్టే కొన్నాను.

కొనడానికి కారణం ‘ఏం లేదు’. జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచి మా అమ్మాయి నోట ఆ రెండు మాటలు తప్ప మూడోది లేదు. ఏమైందమ్మా? ఏం లేదు. అన్నం అలా కెలుకుతావేం? ఏం లేదు. కళ్ళెర్రగా ఉన్నాయేం? ఏం లేదన్నానా! ఆ తర్వాత తలుపు చప్పుడు. విశాఖపట్నంలో ఉండే మా తోడికోడలు ఈ కార్డుల సంగతి చెబితే, పోనీ పట్టుచీర కాదు కదా, చూద్దామని తెప్పించాను.

పెట్టె ఒక మూల నొక్కుకుపోయి వచ్చింది. కార్డులు మాత్రం మందంగా ఉన్నాయి, అంచులు గుండ్రం చేశారు, చేయి తడిగా ఉన్నా రంగు అంటలేదు. అక్కడికి బాగానే ఉంది.

ఇక తెలుగు. ఏం చెప్పమంటారు? ‘ఓవర్‌వెల్మ్‌డ్’ అన్న కార్డు కింద ‘ముంచెత్తబడిన’ అని వేశారు. మా అమ్మాయి అది చూసి, “గోదారి వరదా అమ్మా?” అంది. నవ్వొచ్చింది గానీ, 2022 జులైలో నీళ్ళొచ్చినప్పుడు మా పుట్టింటి వైపు లంకల్లో వాళ్ళు నిజంగా ముంచెత్తబడ్డారు, ఆ మాట వాళ్ళనే అడిగి వేయాల్సింది. ‘లెఫ్ట్ అవుట్’కి ‘వదిలివేయబడినది’ అట. సంచీ అనుకున్నారో మేకపిల్ల అనుకున్నారో. ‘ఆక్‌వర్డ్’కి ‘వికృతమైన’. పద్నాలుగేళ్ళ పిల్ల, అసలే మొహం మీద మొటిమలొచ్చి రోజుకి పదిసార్లు అద్దం చూసుకునే పిల్ల, ‘ఈరోజు నాకెలా ఉంది’ అన్న ప్రశ్నకి ‘వికృతమైన’ అన్న కార్డు తీసి చూపించాలా? ఇది వేసిన వాళ్ళ ఇంట్లో ఆడపిల్లలు లేరా?

బొమ్మలు మంచివే, కానీ మనవి కావు. ‘ఒంటరితనం’ కార్డులో కుర్రాడు మంచులో ఉన్ని టోపీ పెట్టుకుని నిలబడ్డాడు. మావాడు పదేళ్ళవాడు, దాన్ని చూసి “వీడికి చలేస్తోంది” అన్నాడు. వాడి దృష్టిలో అదే ఆ కార్డు భావం. మర్నాటి నుంచి వాడు కార్డుల వెనక రన్నులు రాసుకుని క్రికెట్ ఆడుకున్నాడు. పదేళ్ళవాడికి ఈ పెట్టె అంతవరకే పనికొస్తుంది.

పుస్తకం ఇంగ్లీషులోనే ఉంది. నేను ఇంటర్ దాకా చదివాను కాబట్టి డిక్షనరీ పక్కన పెట్టుకుని మూడు రాత్రుళ్ళలో లాక్కొచ్చాను. 24 పేజీల్లో పనికొచ్చేవి ఆరేడు. వాటిలో ఉన్నది నాకు అర్థమైనట్టు చెబుతాను. ఈ వయసులో మెదడులో కోపం, భయం, ఉత్సాహం లాంటివి పుట్టించే భాగాలు ముందే జోరందుకుంటాయి. వాటిని ‘ఆగు, ఆలోచించు’ అని పట్టి ఉంచే ముందు భాగం మాత్రం పాతికేళ్ళ దాకా పక్వానికి వస్తూనే ఉంటుంది. అందుకే చిన్నమాటకి పెద్ద మంట. పొగరు కాదు. నేను ఆర్నెల్ల నుంచి దాన్ని పొగరనే అంటున్నాను, అదీ గట్టిగా.

రెండోది నిద్ర. ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోను రాత్రి ఆలస్యంగా ఊరడం మొదలవుతుంది. రెండు గంటల దాకా కూడా వెనక్కి జరగొచ్చట. అంటే పదింటికి పడుకోమంటే పడుకోకపోవడం మొండితనం కానక్కర్లేదు. కానీ కావలసిన నిద్ర ఎనిమిది నుంచి పది గంటలు. మా అమ్మాయి పదకొండున్నరకి పడుకుని, ఐదున్నర ట్యూషన్ కోసం ఐదుకి లేస్తోంది. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటే ఐదున్నర గంటలు. పెద్దవాళ్ళం మనమే అంత నిద్రతో నాలుగు రోజులుంటే ఎదుటివాళ్ళని కొరుకుతాం. ట్యూషన్ సాయంత్రానికి మార్పించాం. మాస్టారు సణిగారు, సణగనీ. నిజం చెప్పాలంటే తలుపు చప్పుళ్ళు సగం తగ్గింది కార్డుల వల్ల కాదు, ఈ మార్పు వల్లే. ఆ మాటకొస్తే 649 రూపాయల్లో ఆరొందలు ఆ ఒక్క పేజీకి ఇచ్చాననుకోవచ్చు.

మూడోది, అసలీ కార్డులు ఎందుకన్నది. 2007లో కాలిఫోర్నియాలో లీబర్మన్ అనే పరిశోధకుడి బృందం, కోపంతోనో భయంతోనో ఉన్న మొహాల ఫొటోలు కొందరికి చూపించి, ఆ భావానికి సరిపడే మాట ఎంచుకోమన్నారట. అలా మాట ఎంచుకుంటున్నప్పుడు మెదడులో అమిగ్డాలా అనే భాగం హడావిడి తగ్గిందట. అదే మొహానికి మనిషి పేరు ఎంచుకోమంటే అంతగా తగ్గలేదట. అంటే లోపల ఉన్నదానికి పేరు దొరికితే కాస్త నెమ్మదిస్తుందన్నమాట. బాగుంది. మరి పేరంటే ఆ పిల్ల నోటికి వచ్చే పేరు అవ్వాలి కదా? ‘ముంచెత్తబడిన’ అనుకుంటే ఎవరి ప్రాణం నెమ్మదిస్తుంది?

అది ఎలా తెలిసిందో చెబుతాను.

కార్తీకంలో పాలకొల్లులో మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్. భోజనాలయ్యాక పదిమంది ఆడవాళ్ళం కూర్చుని మాట్లాడుకుంటున్నాం. మా అమ్మాయి పక్కనే ఉంది. నేను మామూలుగానే, నవ్వుతూనే, “మా దాని మొహం చూడండి, సెనగపిండి రాసుకోమంటే వినదు, లెక్కల్లో మార్కులు మాత్రం మొటిమల కన్నా తక్కువే” అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాట అక్కడే మర్చిపోయాను కూడా.

ఇంటికొచ్చాక మూడు రోజులు మాటల్లేవు. ఫోన్ లాక్కున్నానని అలిగిందనుకున్నాను. నాలుగో రోజు రాత్రి నేను హాల్లో కింద కూర్చుని లేసు అల్లుతున్నాను. ఒక ముక్క తక్కువైంది, పొద్దున్నే ఏజెంటు వస్తాడు. తను వచ్చి నాకు ఎదురుగా కాదు, పక్కన కూర్చుంది. దారపు ఉండ చిక్కుపడితే తీస్తూ, రెండో చేత్తో కార్డుల పెట్టె లాగింది. నేనేం అడగలేదు. అడగకూడదన్న తెలివితో కాదు, ముడులు లెక్కపెట్టుకుంటున్నాను, మాట్లాడితే లెక్క తప్పుతుంది.

కార్డులు నేల మీద పరిచింది. ‘కోపం’ తీసింది, మళ్ళీ పెట్టేసింది. ‘విచారం’ ముట్టుకోలేదు. ‘ఎంబరాస్‌డ్’ దగ్గర ఆగింది. దాని కింద ‘సిగ్గుపడిన’ అని ఉంది, బుగ్గలెర్రబడ్డ కుర్రాడి బొమ్మ. కాసేపు చూసి, “ఇది కూడా కాదు. సిగ్గంటే పెళ్ళికూతురు పడేది” అంది. పక్కన పడేసింది. ఆ తర్వాత దారం వంక చూస్తూనే అంది: “తల కొట్టేసినట్టయిందమ్మా. పాలకొల్లులో.”

నా సూది ఆగింది. మళ్ళీ ఆడించాను. చేయి ఆగితే తనూ ఆగిపోతుందనిపించింది. అల్లుతూనే ఉన్నాను, తను చెబుతూనే ఉంది. ఎవరెవరు నవ్వారో, ఏ పిన్ని ఎక్కువ నవ్విందో, మర్నాడు ఆ ఫంక్షన్ పిల్ల వాట్సాప్‌లో సెనగపిండి బొమ్మ పంపించడం, అన్నీ. పావుగంట. ఆర్నెల్లలో నాతో అంతసేపు మాట్లాడింది అదే. చివర్న “తప్పయిపోయిందమ్మా” అన్నాను. “మార్కులు చెప్పుకో, పర్లేదు. నా మొహం గురించి మాత్రం నలుగురిలో మాట్లాడకు” అంది. అంత స్పష్టంగా నాకు ఎవరూ ఏదీ చెప్పలేదు. ఆ ముక్క అల్లిక వంకరొచ్చింది, విప్పి మళ్ళీ అల్లాను.

తర్వాత ‘సిగ్గుపడిన’ కార్డు వెనక్కి తిప్పి, స్కెచ్ పెన్‌తో ‘తల కొట్టేసినట్టు’ అని రాసింది. అప్పటి నుంచి అదో పని అయిపోయింది మాకు. ‘ఫ్రస్ట్రేటెడ్’ కింద వాళ్ళు ‘నిరాశ చెందిన’ అని వేశారు. నిరాశ వేరు కదండీ. మాకు రెండు రోజులు పట్టింది దానికి మాట దొరకడానికి, ఆఖరికి మా అమ్మ ఫోన్‌లో చెప్పింది: ఉక్రోషం. ఎదుటివాళ్ళని ఏమీ చేయలేక, ఏడుపూ కోపమూ కలిసి గొంతులో అడ్డం పడితే వచ్చేది. కోపం చూపించుకోవచ్చు, ఉక్రోషం మింగలేం, కక్కలేం. మా అమ్మాయికి వచ్చేది సగంసార్లు కోపం కాదు, ఉక్రోషమే. దానికి ‘కోపం తగ్గించుకో’ అని నేను నీతులు చెబుతున్నాను ఇన్నాళ్ళూ.

అలా చేరినవి ఇంకా ఉన్నాయి. హాస్టల్‌కి వెళ్ళిన స్నేహితురాలి గురించి బెంగ. పరీక్ష పేపరు ఇచ్చేముందు గుబులు. ఒక మాటకి మనసు చివుక్కుమనడం. ఎదురుచూసినది జరక్కపోతే ప్రాణం ఉసూరుమనడం. పక్కదానికి కొత్త సైకిలొస్తే కుళ్ళు (ఇది రాసేటప్పుడు నా వంక చూసి, “నీకు పిన్ని గాజుల మీద ఉన్నదే” అంది). మొహమాటానికి ఎదురుగా ఇంగ్లీషు మాటే దొరకలేదు. ఆ కంపెనీ వాళ్ళ 48లో అది లేనే లేదు. మొహమాటం లేని తెలుగు టీనేజి ఎక్కడైనా ఉంటుందా?

మా మేడ మీద అద్దెకుండే రిటైరైన తెలుగు మాస్టారు ఒక సాయంత్రం తేగలు తెచ్చిచ్చారు. కార్డులు చూసి, “నలభై ఎనిమిదేనా? భరతుడు నాట్యశాస్త్రంలో ఒకటి ఎక్కువే లెక్కేశాడు” అన్నారు. మనసులో నిలిచి ఉండే స్థాయి భావాలు 8, సాత్త్వికాలు 8, వచ్చిపోయే సంచారి భావాలు 33. మొత్తం 49. మేం నవ్వుతున్నా వినిపించుకోకుండా వేళ్ళు ముడుస్తూ చెప్పుకుపోయారు. సాత్త్వికాలంటే ఒంట్లో కనబడేవట: చెమట పట్టడం, ఒళ్ళు గగుర్పొడవడం, గొంతు మారిపోవడం, వణుకు, మొహం రంగు మారడం, కన్నీళ్ళు, ఇలా. పెట్టెలో మనిషి ఆకారం గీసిన అట్ట ఉందన్నాను చూడండి, ‘ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో రంగు వేయి’ అన్నది, అదీ ఇదే కదా. మా అమ్మాయి పరీక్షల ముందు పొట్ట దగ్గర, పాలకొల్లు గురించి చెవుల దగ్గర రంగు వేసింది. చెవులు వేడెక్కాయట.

సంచారి భావాల్లో ‘అవహిత్థ’ అని ఒకటి ఉందట. లోపల ఉన్నది బయటపడకుండా మొహం మీద ఇంకోటి పెట్టుకోవడం. అది వినగానే తేగ చీల్చి లోపలి మొలక, అదే చందమామ, తీసుకుంటున్నదల్లా ఆగి, “అంటే ‘ఏం లేదు’ అనడం” అంది మా అమ్మాయి. మాస్టారు ముచ్చటపడిపోయి, “ఆయ్, సరిగ్గా అదే!” అన్నారు. ఇప్పుడు మా పెట్టెలో ‘ఏం లేదు’ అని ఒక కార్డు ఉంది. అది తీసి పెట్టిందంటే, ఏదో ఉంది గానీ ఇప్పుడు అడగొద్దని అర్థం. ఇంతకుముందు నోటితో అన్నప్పుడు నేను నాలుగుసార్లు గుచ్చి గుచ్చి అడిగేదాన్ని. ఇప్పుడు అడగను. ఎక్కువసార్లు రాత్రి పదకొండుకి తనే వస్తుంది.

కంపెనీ వాళ్ళకి మార్కులివ్వాల్సిన చోట ఇస్తాను, ఆ స్కేలు బాగుంది. ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించాం. బడి నుంచి రాగానే బిళ్ళ జరుపుతుంది. మూడంటే మాట్లాడొచ్చు. ఏడు దాటితే ముందు టిఫిను, తర్వాత మాట. తొమ్మిది ఒక్కసారే చూశాను. మాటల్లో పెట్టలేని రోజున అంకె చాలు.

అనుకోనిది మా ఆయనతో జరిగింది. మొదట్లో, “మా చిన్నప్పుడు ఒకటే కార్డు, మా నాన్న చేతిలో బెత్తం” అని వేళాకోళం చేశారు. జనవరిలో ఒక తెల్లవారుజామున కరెంటు పోయి, జనరేటరు మొరాయించి, చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోయాయి. రొయ్య పైకి తేలడం మొదలుపెట్టిందట. మిగిలింది కాపాడుకోవడానికి, కౌంటు రాకముందే, అంటే రొయ్య అనుకున్న సైజుకి ఎదగకముందే, చెరువంతా పట్టేశారు. ఇంటికొచ్చి మామూలుగా కాఫీ తాగి, మామూలుగా పేపరు చదివి, పడుకున్నారు. నాకేం తెలియలేదు. సాయంత్రం బిళ్ళ జరపబోయిన పిల్ల, “అమ్మా, ఇది ఎనిమిది మీద ఉందేంటి? నేను పెట్టలేదు” అంది. మావాడు క్రికెట్ నుంచి తల ఎత్తి, “నేనూ కాదు” అన్నాడు. ముగ్గురం పడక గది తలుపు వంక చూశాం. ఆ రాత్రి తనే వెళ్ళి, “నాన్నా, చెరువు దగ్గర ఏమైంది?” అని అడిగింది. పదహారేళ్ళ కాపురంలో నేను ఆ ప్రశ్న ‘ఎంత పోయింది’ అనే అడిగాను ఎప్పుడూ.

ఇక తిట్లు. ప్రశ్నల కార్డులు పన్నెండూ దండగ. ‘నీలోని తుఫానుకి ఏ రంగు?’ అట. మేం తుఫాను అంటే పైకప్పు చూసుకునేవాళ్ళం. స్కేలు మీద బిళ్ళ నెల తిరక్కముందే వదులైపోయి కిందకి జారుతోంది. ఒక పూట ఊరికే రెండు చూపించి మమ్మల్ని మోసం చేసింది కూడా, మడిచిన కాగితం ముక్క పెట్టి బిగించాం. కస్టమర్ కేర్‌కి తెలుగు తప్పుల జాబితా ఫొటో తీసి పంపితే, ‘మీ అభిప్రాయం మాకు విలువైనది’ అని వచ్చింది. అది కూడా తెలుగు కాదు, ఇంగ్లీషులో.

అన్నిటికన్నా పెద్ద తప్పు పుస్తకం ఆఖరి పేజీలో ఉంది. ‘సహాయం కావాలంటే’ అని వేరే దేశం ఫోన్ నంబరు వేశారు. ఇక్కడ అమ్మే వస్తువు మీద! దాన్ని కొట్టేసి 14416 అని రాశాను. అది టెలిమానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. డబ్బులు అక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడతారు. పిల్లలకి ఏ రకం ఆపదైనా 1098 ఉంది. ఎందుకు రాస్తున్నానంటే, కార్డులు చూసి ఇవే మందు అనుకునేవాళ్ళుంటారు. కావు. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, తిండీ నిద్రా రెండూ పోతే, ఇష్టంగా చేసే పనులు కూడా మానేస్తే, చేతుల మీద గీసుకున్న గుర్తులు కనబడితే, ‘నేను లేకపోతే బాగుండు’ లాంటి మాట నోట వస్తే కార్డులు పెట్టెలో పెట్టేసి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మా బంధువుల్లో ఒక కుర్రాడికి దిష్టి తీయిస్తూ నాలుగు నెలలు పోగొట్టారు. ఇప్పుడు మందులు వాడుతూ బాగానే ఉన్నాడు, కాలేజీకి వెళుతున్నాడు.

కొనొచ్చా అంటే, నేనైతే మళ్ళీ కొనను. అట్ట ముక్కలు, స్కెచ్ పెన్ను, ఇంట్లో ఒక అమ్మమ్మ ఉంటే చాలు. అమ్మమ్మ దూరంగా ఉంటే ఫోన్ ఉంది. స్కేలు కావాలంటే పాత క్యాలెండరు అంచు కత్తిరించుకోండి. తీరిక లేనివాళ్ళు, ఇంగ్లీషు మీడియం పిల్లలున్నవాళ్ళు కొనుక్కోండి, కానీ మొదటి రోజే అన్ని కార్డులూ వెనక్కి తిప్పి పెట్టండి. ఒక్క మాట: ఎదురుగా కూర్చోబెట్టి ‘ఇప్పుడు నీ భావం చెప్పు’ అని మాత్రం అనకండి. మేం మొదటి ఆదివారం అదే చేశాం, ఆ పిల్ల వికృతమైన కార్డు నా మొహాన కొట్టి వెళ్ళిపోయింది. కూర గిన్నె తోముతూనో, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనో, పంటు మీద అవతలి ఒడ్డుకి వెళుతూనో, ఇద్దరి కళ్ళూ ఇంకెక్కడో ఉన్నప్పుడు మాట దానంతటదే వస్తుంది. మేం సఖినేటిపల్లి వెళ్ళే పంటులో ఒకసారి గోదారి మధ్యలో మొదలైన మాట, అమ్మ వాళ్ళ గుమ్మం దాకా ఆగలేదు.

అయిదుకి రెండున్నర. సగం పూర్తిగా ఆ స్కేలుకే.

రాసింది నిన్న రాత్రి మా అమ్మాయికి ఇచ్చాను. పాలకొల్లు సంగతి ఉండనిమ్మంది, ‘అందరికీ తెలిసిందేగా’ అంది. మార్కులెన్నో వేయొద్దంది. స్కూలు పేరు ఉందేమోనని రెండుసార్లు వెతికింది. మధ్యలో ఒక పేరా మొత్తం తీసేయమంది. నాకు అన్నిటికన్నా బాగా వచ్చిందనిపించింది అదే. తీసేశాను. ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి, బిళ్ళ నాలుగు మీదికి జరిపి, కాగితం ముక్క బిగించి, పడుకుంది.